పాత పికప్‌కు ట్రైలర్ తగిలించి కొండెక్కుతున్నారా? ఇంజిన్ మీటర్ ఒక్కటే చూస్తే సరిపోదు.. గేర్‌బాక్స్ వేడి చూసుకోండి!

అమెరికాలో పికప్ ట్రక్కు మోజు మామూలుది కాదు. కానీ కొత్త ఫుల్‌సైజ్ పికప్ కొందామంటే చాలా మోడల్స్ 50 వేల డాలర్లు దాటేస్తున్నాయి. దాంతో డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్ లాంటి చోట్ల ఉంటున్న మన తెలుగువాళ్లలో కొందరు 1990ల చివర్లోనో 2000ల మొదట్లోనో వచ్చిన పాత ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో, డాడ్జ్ రామ్ వైపు చూస్తున్నారు. ఐదారు వేల డాలర్లకు బండి దొరుకుతుంది. వెనక ఒక క్యాంపర్ ట్రైలరో, బోటో తగిలిస్తే వీకెండ్ ట్రిప్ రెడీ!

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఖాళీగా తిరిగినన్నాళ్లూ బుద్ధిగా నడిచిన బండి.. వెనక రెండు టన్నుల బరువు పడి, ఎండలో కొండ రోడ్డు ఎక్కగానే మొరాయిస్తుంది. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోనే ఉంటుంది. డ్యాష్‌బోర్డులో ఏ లైటూ వెలగదు. కానీ సీటు కింద, మన కాళ్ల దగ్గర ఉండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల నూనె మాడిపోతూ ఉంటుంది. అది తెలిసేసరికి గేర్లు జారడం మొదలవుతుంది. రీబిల్డ్ చేయించాలంటే వేల డాలర్లు. అంటే బండి కొన్న రేటుకు కాస్త అటూ ఇటూ! పైగా అది ఎడారి మధ్యలో, పిల్లలు బండిలో ఉండగా ఆగిపోతే డబ్బు సంగతి తర్వాత.. ముందు 40 డిగ్రీల ఎండలో నీడ ఎక్కడని వెతుక్కోవాలి.

మరి ఈ వేడి ఎందుకు పుడుతుంది? ముందే కనిపెట్టడం ఎలా? దారిలో వేడెక్కితే ఏం చేయాలి?

వేడంతా ఆ 'డోనట్'లోనే

మాన్యువల్ గేర్ బండిలో ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. క్లచ్ వదిలాక రెండూ గట్టిగా అతుక్కుని ఒకటిగా తిరుగుతాయి. ఆటోమేటిక్‌లో అలా కాదు. మధ్యలో టార్క్ కన్వర్టర్ అని గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. చూడటానికి పెద్ద డోనట్‌లా ఉంటుంది. దాని లోపల రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉన్నాయనుకోండి. ఒకటి ఇంజిన్‌తో తిరుగుతుంది. అది విసిరే నూనె తగిలి రెండోది తిరుగుతుంది. రెండింటికీ మధ్య ఉన్నది నూనె మాత్రమే.

రెండూ ఒకే స్పీడులో తిరిగితే గొడవే లేదు. కానీ వెనక బరువు ఎక్కువై, రోడ్డు ఎత్తుగా ఉంటే మొదటి ఫ్యాను గిర్రున తిరుగుతుంది, రెండోది వెనకబడిపోతుంది. ఆ తేడా అంతా నూనెను చిలకడానికే పోతుంది. మిక్సీలో పచ్చడి ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కడం చూసే ఉంటారు కదా? సేమ్ అదే.

ఎంత వేడి అనేది ఒక లెక్కతో చూద్దాం. ట్రక్కు 5,500 పౌండ్లు, ట్రైలర్ 5,000 పౌండ్లు.. రెండూ కలిపి సుమారు 4,760 కిలోలు. ఈ బరువును 3 వేల అడుగుల ఎత్తుకు ఎక్కించాలంటే దాదాపు 12 యూనిట్ల కరెంటుతో సమానమైన శక్తి కావాలి. అది కూడా గాలిని చీల్చడానికి, టైర్లు తిరగడానికి అయ్యేది వదిలేస్తే. పదకొండు మైళ్ల ఎత్తును గంటకు 40 మైళ్ల స్పీడులో ఎక్కితే 17 నిమిషాలు పడుతుంది. కన్వర్టర్‌లో పదో వంతు శక్తి వృథా అయిందనుకున్నా.. ఆ 17 నిమిషాలూ నూనెలో 4 కిలోవాట్లకు పైగా వేడి పుడుతూనే ఉంటుంది. మన బాత్రూముల్లో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు రెండు ఏకధాటిగా ఆన్‌లో ఉన్నట్టు! లోపల ఉన్న నూనె చూస్తే పది లీటర్లకు కాస్త అటూ ఇటూ.

ఈ తలనొప్పి తగ్గించడానికే కంపెనీలు కన్వర్టర్ లోపల 'లాకప్ క్లచ్' పెట్టాయి. నిలకడగా వెళ్తున్నప్పుడు ఇది రెండు ఫ్యాన్లనూ కలిపి లాక్ చేసేస్తుంది. జారుడు లేదు, దాంతో ఆ వేడీ లేదు. కానీ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, స్పీడు తగ్గితే లాక్ ఊడిపోతుంది. సరిగ్గా కొండ ఎక్కేటప్పుడు జరిగేది ఇదే. లాక్ అత్యవసరమైన చోటే అది చేతులెత్తేస్తుంది.

ఎన్ని డిగ్రీలు దాటితే డేంజర్?

ట్రాన్స్‌మిషన్ నూనె సుమారు 175 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా పనిచేస్తుంది. 200 వరకు పెద్దగా భయం లేదు. అక్కడి నుంచి మెకానిక్‌లు చెప్పే ఒక బండ లెక్క ఉంది. 175 పైన ప్రతి 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌కూ నూనె ఆయుష్షు సగానికి పడిపోతుంది. ల్యాబ్‌లో తీసిన కచ్చితమైన అంకె అని దీన్ని అనుకోవద్దు కానీ.. వేడి ప్రభావం ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పడానికి బాగా పనికొస్తుంది. 195కి సగం, 215కి పావు, 235కి ఎనిమిదో వంతు.. అలా.

240 దాటితే నూనెలో జిగురులాంటి పొర ఏర్పడి, సన్నటి దారులున్న వాల్వులకు అంటుకోవడం మొదలవుతుంది. 260 దగ్గర రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. సీలు గట్టిపడితే ప్రెషర్ లీక్ అవుతుంది. ప్రెషర్ తగ్గితే క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టుకోవు. పట్టుకోకపోతే జారతాయి. జారితే ఇంకా వేడి! ఇక 300 దగ్గరికి వెళ్తే క్లచ్ ప్లేట్లే కాలిపోతాయి. అందుకే ఒకసారి అదుపు తప్పిన గేర్‌బాక్స్ నెమ్మదిగా కాదు.. కొన్ని నిమిషాల్లోనే చేతికి రాకుండా పోతుంది.

ఇంకో సంగతి. ఒక ట్రిప్పులో ఇరవై నిమిషాలు 250కి వెళ్లొచ్చిన బండి ఆ రోజే ఆగిపోవాలనేం లేదు. ఇంటికి వచ్చేస్తుంది, మామూలుగానే నడుస్తుంది. దెబ్బ లోపల పడుతుంది. ఆరు నెలల తర్వాత గేర్లు జారితే 'మొన్నటిదాకా బాగానే ఉంది కదా' అనుకుంటాం. పాత ట్రక్కు కొనేటప్పుడు అసలు భయం కూడా ఇదే. గతంలో ఓనర్ దాంతో ఏం లాగాడో, ఎంత వేడెక్కించాడో ఎవరికి తెలుసు?

బ్రోచర్‌లో అంకె చూసి మోసపోవద్దు

'ఈ మోడల్ 7,500 పౌండ్లు లాగుతుంది' అని పాత బ్రోచర్‌లో ఉంటుంది. ఆ అంకెను ఈ రోజుల్లో వచ్చే అంకెలతో పోల్చడానికి లేదు. ఎందుకంటే ఎవరు ఎంత లాగగలరో తేల్చడానికి కంపెనీలన్నింటికీ ఒకే పరీక్ష అనేది ఎస్ఏఈ జే2807 ప్రమాణంతోనే వచ్చింది. దాన్ని 2008లో తెచ్చారు. 2011 మోడల్స్‌తో మొదట టయోటా పాటించింది. మిగతా పెద్ద కంపెనీలు 2015 మోడల్స్ నాటికి దారికొచ్చాయి. అంతకుముందు ఎవరి లెక్క వాళ్లదే.

ఆ పరీక్షలో భాగం ఏంటో తెలిస్తే గేర్‌బాక్స్ మీద ఎంత భారం పడుతుందో అర్థమవుతుంది. అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర, కొలరాడో నది పక్క నుంచి మొదలయ్యే స్టేట్ రూట్ 68 రోడ్డు ఉంది. డేవిస్ డ్యామ్ గ్రేడ్ అంటారు. 11.4 మైళ్లలో దాదాపు 3 వేల అడుగులు ఎక్కాలి. బయట కనీసం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి. ఏసీ ఫుల్లుగా పెట్టాలి. ఫుల్ లోడ్‌తో స్పీడు 40 మైళ్ల కంటే తగ్గకూడదు. ఏ వార్నింగ్ లైటూ వెలగకూడదు. మనం పైన వేసిన 'రెండు గీజర్ల' లెక్క ఈ రోడ్డుదే. 25 ఏళ్ల కిందటి ట్రక్కు కొత్తగా ఉన్నప్పుడు కూడా ఈ పరీక్ష రాయలేదన్నమాట. ఇప్పుడు రేడియేటర్ సగం పూడిపోయి, ఫ్యాన్ క్లచ్ నీరసించి ఉంటుంది కాబట్టి బ్రోచర్ అంకెలో బాగా తగ్గించుకునే లోడ్ వేయాలి.

ఒకే మోడల్‌లో కూడా తేడాలుంటాయి. వెనక యాక్సిల్ రేషియో ఎంత అన్నదే అసలు పాయింట్. 3.08 ఉన్న బండి, 3.73 ఉన్న బండి చూడ్డానికి కవలల్లా ఉంటాయి. లాగడంలో మాత్రం వేల పౌండ్ల తేడా. పాత షెవీ, జీఎంసీ ట్రక్కుల గ్లవ్ బాక్స్‌లో ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో జీటీ4 అని కోడ్ ఉంటే 3.73, జీయూ6 అని ఉంటే 3.42. బండి కొనేముందు ఫోన్‌తో ఆ స్టిక్కర్ ఫొటో తీసుకోండి. ఇంకా.. రీల్స్‌లో చూసి లిఫ్ట్ కిట్ వేయించి, 35 అంగుళాల టైర్లు తొడిగిన ట్రక్కులు ఉంటాయి. లుక్ అదిరిపోతుంది. కానీ పెద్ద టైరు వేశామంటే గేరింగ్ మొత్తం బరువెక్కినట్టే. లాకప్ త్వరగా ఊడిపోతుంది, నూనె త్వరగా వేడెక్కుతుంది. ట్రైలర్ లాగే ఉద్దేశం ఉంటే అలాంటి బండి జోలికి వెళ్లకపోవడమే బెటర్.

ట్రైలర్ బరువు విషయంలోనూ చాలామంది పప్పులో కాలేస్తారు. కంపెనీ రాసేది ఖాళీ బరువు. మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు నింపితే అదొక్కటే 330 పౌండ్లు, అంటే 150 కిలోలు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, సామాన్లు, మన రైస్ కుక్కరు, బియ్యం మూట.. అన్నీ కలిపితే ఎక్కడికో వెళ్తుంది. హైవేల మీద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని వేబ్రిడ్జ్‌లు ఉంటాయి. ఫుల్లుగా సర్దాక ఒకసారి తూకం వేయించుకుంటే అసలు సంగతి తేలిపోతుంది.

మీటర్ లేకుండా బయల్దేరొద్దు

చాలా పాత పికప్‌లలో గేర్‌బాక్స్ వేడి చూపించే మీటరే ఉండదు. ఉండేది ఇంజిన్ కూలెంట్ మీటర్. వార్నింగ్ లైటు ఉన్నా అది వెలిగే టైమ్‌కి దెబ్బ తగిలిపోయి ఉంటుంది. పాత ఫోర్డ్‌లలో 'ఓవర్‌డ్రైవ్ ఆఫ్' లైటు దానంతటదే మిణుకుమిణుకుమంటే గేర్‌బాక్స్‌లో ఏదో ఫాల్ట్ కోడ్ పడిందని అర్థం. చాలామంది దాన్ని పట్టించుకోరు.

1996 నుంచి అమెరికాలో అమ్మిన బండ్లకు ఓబీడీ-2 పోర్టు ఉంటుంది. స్టీరింగ్ కింద ఉంటుంది. దానికి ఒక చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలా మోడల్స్‌లో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ లైవ్‌గా కనిపిస్తుంది. ఖర్చు పెద్దగా ఉండదు. ఫోన్‌లో వీడియోలు చూసే మనకు ఇంతకంటే ఈజీ పని ఉండదు. అయితే అన్ని బండ్లూ ఈ రీడింగ్ ఇవ్వవు. 1996 కంటే పాతదైతే అసలు కుదరదు. అప్పుడు విడిగా ముల్లు మీటర్, దానికి సెన్సర్ బిగించుకోవాల్సిందే.

సెన్సర్ ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే. కింద నూనె నిలిచే పాన్‌లో పెడితే సగటు వేడి చూపిస్తుంది. కన్వర్టర్ నుంచి కూలర్‌కు వెళ్లే పైపులో పెడితే అప్పటికప్పుడు పుట్టే వేడి కనిపిస్తుంది, అంకెలు ఎగిరి దూకుతుంటాయి. పాన్‌లో 200 ఉన్నప్పుడు ఆ పైపులో 240, 250 కనిపించినా వింతేం కాదు. కాబట్టి వేరే వాళ్లు 'నా బండి 190 దాటదు' అని చెబితే ముందు సెన్సర్ ఎక్కడుందో అడగండి.

కూలర్ వేయిస్తే సగం సమస్య తీరినట్టే

ఫ్యాక్టరీ నుంచి వచ్చే బండిలో గేర్‌బాక్స్ నూనె రెండు పైపుల ద్వారా రేడియేటర్‌కు వెళ్తుంది. రేడియేటర్ పక్క ట్యాంకులో ఒక చిన్న కూలర్ మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న నీళ్లకు నూనె తన వేడిని ఇచ్చి వెనక్కి వస్తుంది. మామూలు రోజుల్లో ఇది చాలు. కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ కూడా అదే రేడియేటర్‌లో తన వేడిని పోస్తుంటుంది కదా.. ఆ నీళ్లే సలసల మరుగుతుంటే నూనెను ఏం చల్లబరుస్తాయి?

అందుకే అదనంగా ఒక కూలర్‌ను రేడియేటర్ ముందు, ఏసీ కండెన్సర్‌కు ఎదురుగా బిగిస్తారు. దానికి నేరుగా గాలి తగులుతుంది. రేడియేటర్‌లోని కూలర్‌ను తీసేయకుండా.. అక్కడి నుంచి బయటికొచ్చిన నూనె ఈ రెండో కూలర్ గుండా వెళ్లి గేర్‌బాక్స్‌కు తిరిగొచ్చేలా కలపడం మంచి పద్ధతి. చలి ప్రాంతాల్లో రేడియేటర్ నూనెను వెచ్చబరుస్తుంది కూడా. కూలర్లలో ట్యూబును మెలికలు తిప్పి రేకులు అతికించినవి చవక. పలకలు పేర్చినట్టుండే స్టాక్డ్ ప్లేట్ రకం కాస్త రేటెక్కువ, కానీ అదే సైజులో ఎక్కువ వేడి లాగేస్తుంది. పాత బండికి ఖర్చు పెట్టేది ఒక్కచోటే అయితే ఇక్కడే పెట్టాలని మా అభిప్రాయం.

బిగించేటప్పుడు కక్కుర్తి పడొద్దు. పెట్రోల్ పైపులు కాకుండా ట్రాన్స్‌మిషన్ నూనెకు పనికొచ్చే హోస్‌లే వాడాలి. కిట్లతో వచ్చే ప్లాస్టిక్ టైలను కండెన్సర్ రేకుల మధ్య నుంచి దూర్చి బిగిస్తే, రోడ్డు మీద అదురుకు అవి రాసుకుని ఏసీకి చిల్లు పడే ప్రమాదం ఉంది. చిన్న బ్రాకెట్లు పెట్టించుకోండి.

ఇదే సందులో రేడియేటర్ కూడా చూపించండి. దాని వయసెంతో తెలియకపోతే మార్చేయడమే మేలు. లోపలి కూలర్ తుప్పు పట్టి చిల్లు పడితే నీళ్లూ నూనే కలిసిపోతాయి. అప్పుడు గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ లాగి చూస్తే నూనె రోజ్ మిల్క్‌లా కనిపిస్తుంది. ఆ రంగు చూశాక బండిని ఒక్క మైలు కూడా నడపొద్దు. నీళ్లు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్ ఊడిపోతుంది.

నూనె మారిస్తే గేర్‌బాక్స్ పోతుందా?

'పాత బండికి గేర్ ఆయిల్ మార్చావంటే అంతే సంగతులు' అనే మాట అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ప్లేట్లు అరిగిపోయి, నూనె మాడిపోయి, ఇప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌కు కొత్త నూనె ప్రాణం పోయలేదు. మార్చిన వారానికి అది పోతే నింద కొత్త నూనె మీద పడుతుంది. జారుడు లేదు, నూనె కాస్త నల్లబడిందంతే అంటే మార్చడమే కరెక్ట్. మెషీన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించడం కంటే పాన్ విప్పి, ఫిల్టర్ మార్చి, దిగినంత నూనె కొత్తది పోయడం పాత బండ్లకు సేఫ్. పాన్ అడుగున ఉండే అయస్కాంతం మీద బూడిదలాంటి పొడి ఉంటే సహజం. లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం ట్రైలర్ ప్లాన్ పక్కన పెట్టండి.

మంచి నూనె ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. డికాషన్ రంగులోకి మారి మాడు వాసన వస్తే లోపల ఏదో కాలినట్టే. ఏ నూనె పోయాలన్నది యూజర్ మాన్యువల్ చూసే తేల్చుకోండి. డాడ్జ్‌లకు ఏటీఎఫ్ ప్లస్ 4 అని వేరే రకం ఉంటుంది, ఫోర్డ్‌కు మెర్కాన్, జీఎంకు డెక్స్‌రాన్. షాపులో 'అన్నింటికీ ఇదే' అని ఇచ్చే డబ్బా తీసుకోకపోవడం నయం. లెవెల్ చూడాల్సింది బండి వేడిగా, ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు. చాలా ట్రక్కుల్లో గేరు పార్క్‌లో పెట్టి చూస్తారు, పాత డాడ్జ్‌లలో న్యూట్రల్‌లో పెట్టి చూడాలి. నూనె ఎక్కువైనా ముప్పే. గేర్లు చిలికేసి నురగ తెప్పిస్తాయి. నురగలో ప్రెషర్ నిలవదు.

స్టీరింగ్ దగ్గర చేయాల్సింది

ఇది ఫ్రీ! ఒక్క డాలరు ఖర్చు లేదు.

ఆ రోజుల్లో వచ్చిన జీఎం 4ఎల్60ఈ, ఫోర్డ్ ఈ4ఓడీ లాంటివి నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు. నాలుగోది ఓవర్‌డ్రైవ్, రేషియో సుమారు 0.70. మైలేజీ కోసం పెట్టిన గేరు ఇది, బరువు లాగడానికి కాదు. ట్రైలర్‌తో చిన్నపాటి ఎత్తు వచ్చినా బండి నాలుగు నుంచి మూడుకి, కాస్త చదును రాగానే మూడు నుంచి నాలుగుకి.. అలా ఊగిసలాడుతూ ఉంటుంది. గేరు మారిన ప్రతిసారీ క్లచ్ కాస్త జారుతుంది, లాకప్ ఊడుతుంది, వేడి పుడుతుంది. 4ఎల్60ఈలో ముందుగా పోయేది చాలాసార్లు 3-4 క్లచ్చే. ఇది అక్కడి మెకానిక్‌లకు కొట్టినపిండి.

అందుకే ట్రైలర్ ఉన్నంతసేపు, బండి గేర్లు వెతుక్కుంటున్నట్టు అనిపించగానే ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేసేయండి. ఫోర్డ్‌లో గేర్ కాడ చివర బటన్ ఉంటుంది. షెవీలో లివర్‌ను 'డీ' నుంచి '3'కి దించితే చాలు. 1990ల చివరి నుంచి కొన్ని ట్రక్కుల్లో టో-హాల్ మోడ్ వచ్చింది, ఉంటే వాడండి. మూడో గేరులో ఇంజిన్ మోత పెరుగుతుంది. 1,800 ఆర్‌పీఎం ఉన్నది 2,600 దగ్గరికి వెళ్తుంది. కంగారు పడొద్దు. ఫ్యాను వేగంగా తిరుగుతుంది, నూనె పంపూ వాటర్ పంపూ వేగం పుంజుకుంటాయి, కన్వర్టర్ మీద భారం తగ్గుతుంది. ఇంజిన్ అరుపు విని భయపడి మళ్లీ ఓవర్‌డ్రైవ్ వేసేవాళ్లే గేర్‌బాక్స్ షాపులకు మంచి కస్టమర్లు!

స్పీడు సంగతి. గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ స్పీడుకు ఘనంలో పెరుగుతుంది. 65 మైళ్ల నుంచి 55కి తగ్గిస్తే ఆ ఒక్క లెక్కలోనే 40 శాతం దాకా భారం తగ్గిపోతుంది. ఎత్తుగా, గోడలా ఉండే క్యాంపర్లకు ఇది ఇంకా ముఖ్యం. టెక్సస్‌లో కొండలు తక్కువే అయినా ఎదురుగాలి కొడితే కొండతో సమానమే. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే బండ్లకు 55 మైళ్లే లిమిట్, దాటితే టికెట్. యూ-హాల్ వాళ్లు కూడా తమ ట్రైలర్లకు 55 దాటొద్దనే చెబుతారు. లాస్ ఏంజెలిస్‌కు ఉత్తరాన ఐ-5 మీద గ్రేప్‌వైన్ దగ్గర 'ఏసీ ఆపేయండి' అని బోర్డులు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఎండ తగ్గాక, లేదంటే తెల్లవారుజామునే ఆ ఘాట్లు దాటేలా ప్లాన్ చేసుకుంటే గేర్‌బాక్స్‌కూ మనకూ హాయి.

కొండల కంటే మోసం చేసే చోటు ఒకటుంది. క్యాంప్ సైటులో ఎత్తు మీదికి ట్రైలర్‌ను రివర్స్ చేయడం, బోటు ర్యాంప్ మీద నుంచి లాగడం. బండి దాదాపు కదలదు, ఇంజిన్ మాత్రం గట్టిగా తిరుగుతుంది, ముందు నుంచి గాలే ఉండదు. నాలుగైదు నిమిషాలు అలా కుస్తీ పడితే టెంపరేచర్ ఎలా ఎగబాకుతుందో మీటర్‌లో చూస్తేనే నమ్ముతారు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే మట్టి, కంకర మీద 4-లో పెట్టి చేయండి. పొడి తారు రోడ్డు మీద మలుపులు తిప్పేటప్పుడు మాత్రం 4-లో వద్దు, యాక్సిళ్లు బిగుసుకుంటాయి.

దారిలో మీటర్ 240 చూపిస్తే?

ముందు యాక్సిలరేటర్ వదలండి, గేరు తగ్గించి నెమ్మదిగా వెళ్లండి. అయినా పెరుగుతుంటే సేఫ్‌గా ఉన్న చోట పక్కకు ఆపండి. ఆపాక వెంటనే తాళం తిప్పి ఇంజిన్ ఆపేయకూడదు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే మాడుతున్న నూనె కన్వర్టర్‌లోనే నిలిచిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, పార్క్‌లో పెట్టి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి 1,000 నుంచి 1,500 ఆర్‌పీఎం మధ్య ఉంచండి. నూనె కూలర్ గుండా తిరిగి కొన్ని నిమిషాల్లో వేడి దిగుతుంది. 1990లలో డాడ్జ్ రామ్‌లలో వచ్చిన 46ఆర్‌ఈ, 47ఆర్‌ఈ లాంటివి పార్క్‌లో ఉంటే నూనెను కూలర్‌కు పంపవు. వాటిని న్యూట్రల్‌లోనే ఉంచాలి. అలాంటప్పుడు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, చక్రాలకు అడ్డం పెట్టడం మర్చిపోవద్దు, వెనక ట్రైలర్ ఉంది!

బండి కింద నుంచి పొగ, మాడు వాసన వస్తే మాత్రం లెక్క మారుతుంది. బాగా కాగిన నూనె పొంగి గాలి గొట్టం నుంచి బయటికి చిమ్ముతుంది. అది వేడి సైలెన్సర్ పైపు మీద పడితే నిప్పు అంటుకుంటుంది. అప్పుడు ఇంజిన్ ఆపి, అందరినీ దించేసి, రోడ్డుకు దూరంగా నిలబడాలి. గేర్‌బాక్స్ మీద నీళ్లు పోసే ప్రయోగాలు చేయొద్దు.

మన దగ్గర ఈ గొడవ ఉందా?

పొలం నుంచి ట్రాలీ లాగే ట్రాక్టర్‌కు, లోడు ఎక్కించుకుని వెళ్లే చిన్న పికప్ బండ్లకు మన దగ్గర దాదాపు అన్నిటికీ మాన్యువల్ గేర్లే. టార్క్ కన్వర్టర్ లేదు కాబట్టి ఈ వేడి లేదు. వాటిలో మాడేది క్లచ్ ప్లేటు. ఘాట్ రోడ్డులో సగం క్లచ్ నొక్కి బండిని నిలబెట్టేవాళ్లకు ఆ వాసన బాగా పరిచయం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో డ్రై క్లచ్ డీసీటీ కార్లు అంగుళం అంగుళం పాకించినప్పుడు వచ్చే హీట్ వార్నింగ్‌ది కూడా ఇదే కుటుంబం. కారణం జారుడే, జారే వస్తువు వేరు.

బయల్దేరే ముందు చివరగా ఒక ఫోన్ కాల్. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్లాన్‌లో ట్రైలర్ కవర్ అవుతుందో లేదో కనుక్కోండి. చాలా బేసిక్ ప్లాన్లు ట్రక్కును మాత్రమే తీసుకెళ్తాయి. ట్రైలర్‌కు, ఆర్‌వీకి విడిగా ప్లాన్ తీసుకోవాలి. లేదంటే ట్రక్కు షెడ్డుకు వెళ్తుంది, సామాన్లతో సహా ట్రైలర్ హైవే పక్కన ఉండిపోతుంది.